ఏడో ప్రశ్న

శనివారం ఉదయం తొమ్మిది కావస్తుండగా రామమోహనరావు ఉప్మాలోకి జీడిపప్పు వేయించాడు. భార్య చంద్రకళ ఉన్న రోజుల్లో ఆయనకి కాఫీ కలపడం తప్ప వంటింట్లో మరో పని తెలియదు. ఆవిడ పోయిన మూడేళ్ళలో రవ్వ ఉండకట్టకుండా ఉప్మా చేయడం మాత్రం నేర్చుకున్నాడు. మూకుట్లో అది పొడిపొడిగా విడివడుతుంటే, చూసేవాళ్ళెవరూ లేకపోయినా కొంచెం గర్వంగా అనిపించింది. కిటికీ బయట రెజైనా ఊరంతా తెల్లగా ఉంది. రాత్రి మొదలైన మంచు ఇంకా పడుతూనే ఉంది. ఇంటి ముందు డ్రైవ్‌వేలో, ఇంజను చలికి గడ్డకట్టకుండా కారుకి పెట్టిన బ్లాక్ హీటర్ తీగ సగం కనబడుతోంది, సగం మునిగిపోయింది.

ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతంతో అంటించిన కాగితం ఒకటి ఉంది. యూనివర్సిటీ కెరీర్ సెంటర్ వాళ్ళు కూతురు ధాత్రికిచ్చిన ఇంటర్వ్యూ ప్రశ్నలవి, మొత్తం పది. ధాత్రి సైకాలజీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. కౌన్సిలింగ్‌లో మాస్టర్స్ కోసం నాలుగు చోట్ల అప్లై చేస్తే సస్కటూన్ యూనివర్సిటీ నుంచి ఒక్కటే పిలుపు వచ్చింది. సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంటర్వ్యూ.

పోయిన ఆదివారం ఆయనే ఆఫీసు టై కట్టుకుని, కళ్ళజోడు ముక్కు మీదకి దింపుకుని, టేబుల్‌కి ఆ పక్కన కూర్చుని ఈ ప్రశ్నలన్నీ అడిగాడు. ధాత్రి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ ఇంట్లో అంత నవ్వు వినపడి చాలా కాలమైంది. నవ్వుతూనే అన్నిటికీ చక్కగా జవాబులు చెప్పింది, ఏడో ప్రశ్న తప్ప. 'మీరు ఒకరి మాటను నిజంగా విన్న సందర్భం ఒకటి చెప్పండి.' అది రాగానే కాగితం లాక్కుని, "స్కిప్, నాన్నా. నెక్స్ట్" అంది. మర్నాడూ అంతే. బుధవారమూ అంతే.

పిల్లకి అనుభవం చాలక జవాబు తోచడం లేదనుకున్నాడు రామమోహనరావు. హైవేస్ శాఖలో పాతికేళ్ళుగా పనిచేస్తున్న మనిషి. రోడ్డు మీద గుంట కనిపిస్తే పూడ్చాలన్నదే ఆయనకి తెలుసు. ఈ గుంటకి కూడా ఒక ఉపాయం ఆలోచించి, కూతురికి చెప్పకుండా ఏర్పాటు చేసేశాడు.

"ధాత్రీ, టిఫిన్ రెడీ అమ్మా!"

ఒక చేత్తో లాప్‌టాప్, ఇంకో చేత్తో దుప్పటి పట్టుకుని మెట్లు దిగింది ధాత్రి. "జీడిపప్పు కూడానా! ఏంటి నాన్నా స్పెషల్?"

"స్పెషల్ ఏముంది... పదకొండింటికి సరోజ ఆంటీ వస్తున్నారు."

"ఓ, నైస్. ఊరికేనా?"

"ఊరికే అంటే... నీతో మాట్లాడదామని."

చెంచా సగం దారిలో ఆగింది. "నాతో ఏం మాట్లాడాలి?"

"పాపం ఆవిడకి అక్టోబర్ నుంచి నిద్ర లేదమ్మా. వాళ్ళమ్మగారు తెనాల్లో పోయారా, ఈవిడ పాస్‌పోర్టేమో రెన్యూవల్‌లో ఇరుక్కుపోయింది. ఆఖరి చూపు కూడా వీడియో కాల్‌లోనే చూడాల్సి వచ్చింది. వాళ్ళాయన విశ్వనాథం గారు చూస్తే రెండు వారాలు గని పనిలో, రెండు వారాలు ఇంట్లో. మొన్న గ్రోసరీ స్టోర్ పార్కింగ్‌లో కార్లో కూర్చుని ఒక్కర్తే ఏడుస్తూ కనబడింది. నేనే అన్నాను, మా ధాత్రి దగ్గరికి రామ్మా, ఒక గంట కూర్చుంటే తేలికపడతావు అని. ఆవిడకీ మేలు, నీకూ ప్రాక్టీస్. సోమవారం ఆ ఏడో ప్రశ్న అడిగితే చెప్పుకోవడానికి ఉంటుంది."

ధాత్రి చెంచా కింద పెట్టింది. "నాన్నా, నేనది చెయ్యలేను. చెయ్యకూడదు కూడా. నేను ఇంకా స్టూడెంట్ని."

"మాట్లాడటానికి కూడా లైసెన్స్ కావాలా ఏంటి?"

"కావాలి. ఈ మాట్లాడటానికి కావాలి."

"మరి ప్రతి మంగళవారం ఆ హెల్ప్‌లైన్‌లో కూర్చుని ముక్కూ మొహం తెలియని వాళ్ళ గోడంతా వింటావుగా?"

"ముక్కూ మొహం తెలియదు కాబట్టే వింటాను! అక్కడ నా వెనకాల సూపర్‌వైజర్ ఉంటుంది. నాకు కష్టమైతే ఆవిడ తీసుకుంటుంది. ఇక్కడ ఎవరున్నారు? సరోజ ఆంటీ నన్ను ఎత్తుకుని తిప్పారు నాన్నా. మనవాళ్ళని మనం క్లయింట్స్‌గా తీసుకోకూడదు. ఫస్ట్ థింగ్ దే టీచ్ అస్."

"మనవాళ్ళకి పనికిరాని చదువు ఇంకెవరికమ్మా?" అన్నాడు ఆయన. నవ్వుతూ అనబోయాడు గాని నవ్వు రాలేదు.

*

సరిగ్గా పదకొండింటికి సరోజ వచ్చింది. టోపీ మీద మంచు దులుపుకుని, సంచీలోంచి స్టీలు డబ్బా తీసి ధాత్రి చేతిలో పెట్టింది. "డాక్టరమ్మా, ఫీజు ముందే కట్టేస్తున్నానోయ్. సున్నుండలు. నెయ్యి తక్కువైందని నన్ను తిట్టకు." నవ్వింది కాని, కళ్ళ కింద నలుపు నవ్వలేదు.

రామమోహనరావు టీ పెట్టి ఇచ్చి, మేడ మీదకి వెళ్తున్నట్టు వెళ్ళి మెట్ల మలుపులో నిలబడిపోయాడు. ఆ డబ్బా ఆయనకి బాగా తెలుసు. చంద్రకళ మంచాన పడ్డ ఎనిమిది నెలలూ అదే డబ్బాలో మెంతి చారు, బీరకాయ పప్పు, ఆవిడ ఒక్క ముద్దయినా మింగుతుందేమోనని ఏదో ఒకటి వచ్చేది. ఒక్కరోజు తప్పలేదు. ఆ మనిషి ఇన్నాళ్ళకి తన గుమ్మంలోకి ఒక అవసరంతో వచ్చింది.

కింద ధాత్రి గొంతు మెత్తగా వినబడింది. "ఆంటీ, నాన్న మీకు సరిగ్గా చెప్పలేదు. నేను డాక్టర్ని కాదు. కౌన్సిలర్ని కూడా కాదు. ఇంకా అడ్మిషనే రాలేదు."

"ఎందుకు రాదూ, వస్తుంది. నువ్వు బంగారం."

"అది కాదు ఆంటీ. నాకు తెలిసింది కొంచెమే. ఆ కొంచెంతో మీ బాధ మీద చెయ్యి వేస్తే తప్పవుతుంది. మంచి క్లినిక్ ఉంది. ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని కూడా ఇస్తారు. నేనే కాల్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకుంటాను. మీతో వస్తాను, బయట కూర్చుంటాను. మీ ధాత్రిగా వస్తాను. అలా చేద్దామా?"

కప్పు సాసర్‌కి తగిలిన చప్పుడు వినబడింది.

"అయ్యో, క్లినిక్ దాకా ఎందుకు తల్లీ. నాకేం రోగమని? ఏదో అన్నయ్యగారు రమ్మన్నారని వచ్చాను గాని... చాదస్తం నాది. బియ్యం నానబోసి వచ్చాను, వెళ్ళాలి." ఆయన మెట్లు దిగి వచ్చేసరికే సరోజ బూట్లు తొడుక్కుంటోంది. తల ఎత్తలేదు. టీ సగమైనా తాగలేదు. చేతి తొడుగులు సోఫా మీదే మర్చిపోయి, ఉత్త చేతులతో కారు తలుపు తీసుకుంది.

*

తలుపు వేసి వచ్చిన రామమోహనరావు మొహం ఎర్రబడి ఉంది. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఇవాళ మాత్రం గొంతు హెచ్చింది.

"సిగ్గుతో చచ్చిపోయాననుకో. ఎనిమిది నెలలు, ధాత్రీ! ఎనిమిది నెలలు ఈ చలిలో మీ అమ్మకి తిండి మోసుకొచ్చిన మనిషి. ఒక్క గంట కూర్చుని ఆవిడ మాట వినలేకపోయావు."

"నాన్నా, ఐ ట్రైడ్ టు..."

"వినడానికే కదమ్మా నాలుగేళ్ళ నుంచి చదువుతున్నావు! సొంత మనుషుల కన్నీళ్ళు చూసి క్లినిక్‌కి పొమ్మంటావా? ఏం చదువిది? మనిషిలో మెత్తదనం లేకపోయాక ఎంత చదివితే ఏం?"

ధాత్రి తెల్లబోయి చూసింది. తర్వాత లాప్‌టాప్ తెరిచి ఆయన వైపు తిప్పింది. "ఇది చదువు. నిన్న రాశాను. పంపడమొకటే మిగిలింది."

సస్కటూన్ వాళ్ళకి ఉత్తరం. ఇంటర్వ్యూకి రాలేనని, తన దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నానని, రెండే వాక్యాలు.

"ఇదేంటి? ఎందుకు?"

"ఏడో ప్రశ్నకి నా దగ్గర ఒక్కటే జవాబుంది నాన్నా. అది వాళ్ళ ముందు చెబితే ఏడ్చేస్తాను. చెప్పకపోతే అబద్ధం ఆడినట్టు. ఇంకోటి ఏదైనా కల్పిద్దామని నెల రోజుల నుంచి చూస్తున్నా, రావట్లేదు."

"ఏమిటా జవాబు?"

ధాత్రి దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది. "అమ్మ."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నువ్వు సొంత మనుషులంటున్నావు. సొంత మనిషి మాట నేను విన్నాను. ఆ ఏడాది సెప్టెంబర్‌లో నేను ఫస్ట్ ఇయర్‌లో చేరాను. క్లాస్ అయ్యాక బస్ దిగి రోజూ అమ్మ పక్కన కూర్చునేదాన్ని. సాయంత్రం అమ్మ ఏదో చెప్పడం మొదలుపెట్టేది... 'ఏమండీ, నాకేమనిపిస్తోందంటే' అని. నువ్వు లేచిపోయేవాడివి. డ్రైవ్‌వే మీద మంచు పేరుకుందనేవాడివి. నిజంగానే పేరుకుందో లేదో నేను కిటికీలోంచి చూసేదాన్ని. కొన్ని రోజులు ఏమీ ఉండేది కాదు. ఉత్త సిమెంట్ మీద పార గీకేవాడివి. అమ్మ మొదలుపెట్టిన మాట ఎవరో ఒకరు వినాలి కదా. అందుకని నాకు చెప్పేది."

రామమోహనరావు లేచాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియదు. కాళ్ళు వాటంతటవే గుమ్మం దాకా తీసుకెళ్ళాయి. కోటు అందుకున్నాడు. ఒక బూటు తొడుక్కున్నాడు.

"వెళ్ళు నాన్నా," అంది ధాత్రి వెనక నుంచి. ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మంచు పడుతోందిగా."

బూటు లేసు ఆయన చేతిలోనే ఉండిపోయింది. గోడకి ఆనించిన రెండు పారలు ఎదురుగా కనిపించాయి. పెద్దది తనది. పక్కనున్న చిన్న నీలం పార, ఈ దేశం వచ్చిన మొదటి చలికాలంలో చంద్రకళ సరదాపడి కొనుక్కున్నది. ఆయన చాలాసేపు వంగే ఉన్నాడు. తర్వాత బూటు విప్పి పక్కన పెట్టి, కోటు కొక్కేనికి తగిలించి, వచ్చి కూతురి ఎదురుగా కూర్చున్నాడు.

"ఇవాళ మంచు తీయను. చెప్పమ్మా," అన్నాడు.

"ఇప్పుడెందుకులే."

"నేను అప్పుడు వినలేదు. ఇప్పుడైనా విననీ."

ధాత్రి మొదట తడబడుతూ, ముక్కలు ముక్కలుగా చెప్పింది. తర్వాత ఆపలేకపోయింది. నవంబర్‌లోనే అమ్మకి అంతా తెలుసు. డాక్టర్ ఇంగ్లీషు అమ్మకి అర్థం కాదని నాన్న అనుకున్నాడు గాని, ఒక్క మాట కూడా పోకుండా అర్థమైంది. మార్చికల్లా లేచి తిరుగుతావని ఆయన చెప్పిన ప్రతిసారీ సరేనని తల ఊపింది, ఆయన కోసం. "మే నెలకి ఇండియా టికెట్లు కొన్నావు చూడు... ఆ రోజు అమ్మ నాతో, 'మీ నాన్న నాకు కిటికీ సీటు తీసుకున్నాడే' అని నవ్వింది. నవ్వి, అటు తిరిగి పడుకుంది. నేను ఆ వీపు చూస్తూ కూర్చున్నా నాన్నా. నాన్నకి చెప్పకు, తట్టుకోలేడు అంది. చెప్పలేదు."

రామమోహనరావు చేతులు టేబుల్ అంచుని గట్టిగా పట్టుకున్నాయి.

"భయమేస్తోందని చెప్పేది. పోవడానికి కాదు, నీకు వంట రాదని. ఉప్మాకి ఒకటికి రెండున్నర నీళ్ళు, రవ్వ ముందే వేయించుకోవాలి, మీ నాన్నకి నువ్వు నేర్పు అంది. నేను నీకు ఇంటర్నెట్‌లో చూశానని చెప్పాను కదా? ఇంటర్నెట్ కాదు."

పొయ్యి మీద చల్లారిన మూకుడు వైపు చూశాడాయన. మూడేళ్ళుగా శనివారం శనివారం తాను తిన్నది ఎవరి చేతి వంటో ఇప్పుడు తెలిసింది.

"నాకు అప్పుడు పద్ధెనిమిదేళ్ళు. ఏం చెప్పాలో తెలియదు. ఏడిస్తే అమ్మ చెప్పడం ఆపేస్తుందని ఏడ్చేదాన్ని కాదు. అమ్మ పోయిన రోజు కూడా ఏడుపు రాలేదు. అందరూ ఎంత ధైర్యమో అన్నారు. ధైర్యం కాదు నాన్నా, నాకు కూతురిగా ఉండటానికి చోటు మిగల్లేదు. అందుకే సరోజ ఆంటీని వద్దన్నాను. ఆవిడ మాట వినేవాళ్ళు ఆవిడ దుఃఖంలో మునగకూడదు. నేను మునుగుతా. నాకు తెలుసు."

ఆయన నోటి దాకా 'ఊరుకో తల్లీ' అన్న మాట వచ్చింది. ఆపుకున్నాడు. అది కూడా ఒక రకంగా పార పట్టుకుని బయటికి వెళ్ళిపోవడమేనని ఆయనకి ఆ క్షణంలో తోచింది.

తర్వాత అడిగాడు. "నా మీద కోపం ఉండేదా, మీ అమ్మకి?"

ధాత్రి తల అడ్డంగా ఊపింది. "ఒకరోజు నాకే కోపం వచ్చి కిటికీ వేసెయ్యబోయాను, ఆ గీకుడు వినలేక. అమ్మ వద్దంది. 'ఉండనీవే. ఆ చప్పుడు ఆగకుండా వస్తోందంటే మీ నాన్న ఏడుస్తున్నాడన్నమాట. ఇంట్లో ఏడవలేడు పిచ్చి మనిషి. కిటికీ కొంచెం తీసి పెట్టు, నాకు తోడుగా ఉంటుంది' అంది."

రామమోహనరావు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. అప్పట్లో ఆ చలికి కనురెప్పల మీద కన్నీళ్ళు గడ్డకట్టేవి. లోపలికి వచ్చే ముందు చేతి తొడుగుతో తుడుచుకునేవాడు. ఎవరికీ తెలియదనుకున్నాడు. ఇంతకాలం ఆవిడని ఒంటరిగా వదిలేసి బయట నిలబడ్డానని లోలోపల కుమిలిపోయాడు. ఆవిడ మాత్రం ఆ గోడకి అవతలి నుంచి ఆయన ఏడుపుకి తోడు కూర్చుంది.

తల ఎత్తేసరికి ఎదురుగా ధాత్రి ఏడుస్తోంది. నోరు తెరుచుకుని, ముక్కు కారుతూ, చిన్నప్పుడు స్కూల్ బస్సు తప్పిపోయిన రోజు ఏడ్చినట్టు ఏడుస్తోంది. ఆయన కుర్చీ జరుపుకుని పక్కన చేరి, ఆ తల తన భుజానికి ఆనించుకుని కూర్చున్నాడు. బయట మంచు దాని మానాన అది పడుతూనే ఉంది. మధ్యాహ్నం దాటింది, వెలుతురు నీలంగా మారింది. ఆ డ్రైవ్‌వే వైపు ఎవరూ చూడలేదు.

*

సాయంత్రం ఆయనే సరోజకి ఫోన్ చేశాడు. "సరోజమ్మా, తప్పు నాది. అది డాక్టరని నేనే ఊరంతా చెప్పుకు తిరిగాను. ఇంకా చదువుకుంటున్న పిల్ల. నిన్ను కాదనలేదమ్మా, నిన్ను సరైన చోటికి పంపాలనుకుంది. నా మాట విని ఒక్కసారి ఆ క్లినిక్‌కి వెళ్ళు. విశ్వనాథం గారు ఊళ్ళో లేకపోతే కారు నేను నడుపుతాను."

"అంత దాకా వచ్చిందంటారా అన్నయ్యగారూ?"

"రాకముందే వెళ్ళాలమ్మా. నేను అప్పుడు వెళ్ళలేదు. ఎవరికైనా చెప్పుకుని ఉంటే ఇంట్లో వాళ్ళ దగ్గరైనా కూర్చోగలిగేవాణ్ణేమో."

"...సరే. నా గ్లవ్స్ మీ ఇంట్లో ఉన్నాయి."

"తెస్తాను."

ధాత్రి మెయిల్ గురించి ఆయన అడగలేదు. అడగకుండా ఉండటం ఎంత కష్టమో ఆ రెండు రోజుల్లో తెలుసుకున్నాడు. ఆదివారం రాత్రి అన్నాలు తింటుండగా ఆ పిల్లే, కంచం వైపు చూస్తూ అంది. "రేపు పొద్దున సస్కటూన్ రోడ్డు ఎలా ఉంటుంది నాన్నా?"

"ఈపాటికి మా శాఖ వాళ్ళు మంచు ప్లౌ చేసేసి ఉంటారు," అన్నాడు, గొంతు మామూలుగా ఉంచడానికి ప్రయత్నిస్తూ. "రెండున్నర గంటలు. తొమ్మిదికి బయల్దేరితే తొందరపడక్కర్లేదు."

"వాళ్ళ ముందు ఏడిస్తే?"

"ఏడు. టిష్యూలు వాళ్ళ దగ్గర ఉండకపోవు."

ధాత్రి ఫక్కున నవ్వింది.

సోమవారం ఉదయం ఎండ వచ్చింది, కళ్ళు చెదిరే ఎండ. ఇంటి ముందు ఫుట్‌పాత్ శుభ్రంగా ఉంది. పక్కింటి పెద్దాయన తన మంచు యంత్రంతో, అడక్కుండానే, తీసేసి వెళ్ళినట్టున్నాడు. డ్రైవ్‌వే మాత్రం రెండు రోజుల మంచుతో కారు చక్రాల దాకా నిండి ఉంది. రామమోహనరావు పార పట్టుకుని దిగాడు. నాలుగు పారలు తీశాడో లేదో, వెనక ఇంకో చప్పుడు మొదలైంది. ఇంటర్వ్యూ బట్టల మీద పాత కోటు వేసుకుని, ధాత్రి చిన్న నీలం పారతో రెండో వైపు నుంచి తీసుకుంటూ వస్తోంది.

రెండు పారలు ఒకదాని వెంట ఒకటి గీకుతుంటే, ఆయన ఒకసారి ఆగి పైనున్న చంద్రకళ గది కిటికీ వైపు చూశాడు. అది మూసే ఉంది. మళ్ళీ వంగి, ఆగకుండా తీయడం మొదలుపెట్టాడు.

కాసేపటికి రెండో పార చప్పుడు ఆగింది.

"నాన్నా, ఏడుస్తున్నావా?"

మూడేళ్ళ కిందటైనా, మొన్నటిదాకా అయినా, చలికి కళ్ళు నీరు కారుతున్నాయమ్మా అని ఉండేవాడు. పార మంచులో గుచ్చి, చేతి తొడుగుతో తుడుచుకోకుండానే, కూతురి వైపు తిరిగాడు.

"అవునమ్మా," అన్నాడు.